తీతమ్మా, ఆగిపోయిన బొమ్మా

అనగనగా ఒక అడవిలో, నేనూ, పులుల్ని లెక్కపెట్టేవాళ్లూ తప్ప మనిషన్నవాడెవడూ అడుగు పెట్టని అడవిలో, ఒక వాగు ఉండేది. ఈ ఒడ్డున నిలబడి కేక వేస్తే ఆ ఒడ్డు చేరేసరికి కేకకు గడ్డం మొలిచేది. అంత వెడల్పు వాగు! నేను మాత్రం ఒక్క గంతులో దాటాను. నమ్మండి పిల్లలూ, పంచె అంచు కూడా తడవలేదు.

అంత వాగూ ఒక వేసవిలో ఎండిపోయింది. ఆ ఏడు ఎండకు తాళలేక నా నీడే నన్ను వదిలేసి చెట్టుకింద కూర్చుంది. ఎటు చూసినా ఇసుక, గులకరాళ్లు. ఒక్క మలుపులో మాత్రం చిన్న మడుగు మిగిలింది.

ఆ మడుగు ఎవరిది? చిక్కంతా అక్కడే వచ్చింది.

జింకలకు తేరిన నీళ్లు కావాలి. అడవిపందులకు దొర్లడానికి బురద కావాలి. పందులు దొర్లిన నీళ్లు జింకలు తాగలేవు. కాబట్టి ఒక మంద ఉండాలి, ఒక మంద కొండ దాటి పెద్దేటికి పోవాలి. పెద్దేట్లో నీళ్లకు కొదవ లేదు. మొసళ్లకూ కొదవ లేదు.

కొట్టుకుంటే రెండు మందలూ పోతాయని ఆ అడవిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వాగు ఎండిన ఏడు ఫుట్‌బాల్ ఆడి తేల్చుకోవాలి. ముందుగా మూడు గోల్స్ కొట్టినవాళ్లది మడుగు. ఓడినవాళ్లు పొద్దు గుంకేలోపు కొండ ఎక్కాలి. తొలకరి పడేదాకా తిరిగి రాకూడదు.

అడవిలోకి ఫుట్‌బాల్ ఎలా వచ్చిందని అడగరేం? నేను తన్నిందే! ఎన్నో ఏళ్ల కిందట మా ఊళ్లో ఒక్క తన్ను తన్నితే మూడు కొండలు దాటి అక్కడ పడింది. ఆ వేసవిలో నా బంతి అడగడానికి వెళ్లినవాణ్ని, ఆట చూద్దామని మద్దిచెట్టు ఎక్కి కూర్చున్నాను. అందుకే ఈ కథ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆటకు రిఫరీ తీతువు పిట్ట. పేరు తీతమ్మ. సన్నటి పొడుగు కాళ్లతో బంతి వెంట ఎంత దూరమైనా పరుగెత్తుతుంది. అది అరిచిందంటే ఈల అక్కర్లేదు. జింకలతోనూ దానికి పని లేదు, పందులతోనూ పని లేదు. అందుకే రెండు మందలూ ఆమె మాటకు ఒప్పుకున్నాయి.

కానీ తీతమ్మకు ఒక భయం ఉంది. వాగు ఇసుకలో, గులకరాళ్ల మధ్య, ఆమె నాలుగు గుడ్లు పెట్టింది. తీతువులు గూడు కట్టవు. నేలమీదే పెడతాయి. గుడ్లమీద మచ్చలు రాళ్ల మచ్చల్లాగే ఉంటాయి. పక్కనే నిలబడ్డా కనిపించవు. పొదగడం మొదలయ్యాక వాటిని కదపడానికి లేదు.

ఆట రోజు పొద్దున్నే పందుల నాయకుడు కోరలయ్య వచ్చాడు. మైదానం చుట్టూ గీత గీయడం పందుల పని. కోరలతో ఇసుక దున్నుకుంటూ వచ్చి, సరిగ్గా గుడ్ల దగ్గర ఆగాడు. గీతకూ గుడ్లకూ మధ్య జానెడు దూరం.

"తీతమ్మక్కా, బాగున్నావా?" అన్నాడు.

"బాగానే ఉన్నాను కోరలయ్యా. గీత కాస్త అవతలికి జరపరాదూ?"

"జరిపితే మైదానం వంకరపోతుందక్కా. నాలుగేనా గుడ్లు?"

తీతమ్మ గుడ్లకు అడ్డంగా జరిగింది. "నాలుగే," అంది.

"చూడ్డానికి అచ్చం రాళ్లే. మావాళ్లవి చిన్న కళ్లు. పరుగులో ఉంటే ఏది రాయో, ఏది గుడ్డో ఎక్కడ తెలుస్తుంది? నీ మేలు కోరి చెబుతున్నాను. ఆట తొందరగా అయిపోతే అందరికీ మంచిది. మేం గెలిస్తే తొందరగా అయిపోతుంది."

అంత మాట అని, గీత గీసుకుంటూ ముందుకు పోయాడు. కోర ఇసుకను చీలుస్తున్న చప్పుడు తీతమ్మకు చాలాసేపు వినిపించింది.

ఆ ఏడు ఆటలో ఒక కొత్త సంగతి ఉంది. పోయిన కరువులో ఒక గోలు అయిందా కాలేదా అని తగువు వచ్చి రెండు మందలూ కలియబడ్డాయి. మూడు చావులు. అందుకని ఈసారి పెట్టెను నమ్ముదామనుకున్నారు. పులుల్ని లెక్కపెట్టేవాళ్లు మద్దిచెట్టుకు ఒక కెమెరా పెట్టె కట్టిపోయారు. ఎదురుగా ఏది కదిలినా అది పట్టేస్తుంది. దాని వెనక అరచేయంత కిటికీ. అందులో జరిగిందంతా మళ్లీ కనిపిస్తుంది. ఆ చెట్టు తొర్రలో ఉండే ముసలి గుడ్లగూబ గూబయ్య, ముక్కుతో ఏ మీట నొక్కితే బొమ్మ వెనక్కి పోతుందో, ఏది నొక్కితే ఆగుతుందో నేర్చేసుకున్నాడు. నేను నేర్పాననుకునేరు! కాదు, తనే నేర్చుకున్నాడు. నేను కొంచెం సాయం చేశానంతే.

పెట్టెకు కట్టుబాట్లు కూడా పెట్టారు. ఆట మొత్తంలో మూడుసార్లే చూడాలి. చూడాలనుకుంటే రిఫరీ రెక్కతో గాలిలో నాలుగు మూలల పెట్టె గీయాలి. ఎక్కడ చూడాలో అడిగిన మందవాళ్లు చెబుతారు. అంతకంటే వెనక్కి తిప్పాలంటే మాత్రం రిఫరీ ఒక్కతే అడగాలి. ఆమె అడగనిదే గూబయ్య తిప్పడు.

ఎండ కాస్త వాలాక ఆట మొదలైంది.

జింకల నాయకురాలు పొడలమ్మ. దానికి మూడు రోజుల పిల్ల ఉంది. ఆ పిల్ల గీత అవతల పొదకింద పడుకుంది. లేచి నాలుగడుగులు వేస్తే కాళ్లు మడతపడి కూలబడుతోంది. కొండ ఎక్కడం ఆ కాళ్లతో అయ్యే పని కాదు. పెద్దేటి ఒడ్డున మొసలి ముందు పట్టేది అలాంటి పిల్లనే. ఆ సంగతి పొడలమ్మకు తెలుసు. అందుకే బంతి వైపు ఒక కన్ను, పొద వైపు ఒక కన్ను వేసి ఆడుతోంది.

కాళ్లతోనే ఆడాలి, బంతికి మూతి తగలకూడదు. అది నియమం. గోలు దగ్గర మూతి తగిలితే పెనాల్టీ.

మొదట పందులు కొట్టిన బంతి జింకల గోలు గీతమీద దుమ్ములో ఆగింది. తీతమ్మ "గోలు కాదు" అంది. పందులు గుర్రుమన్నాయి. తీతమ్మ గాలిలో పెట్టె గీసి చెట్టు దగ్గరికి పరుగెత్తింది. గూబయ్య బొమ్మ తిప్పాడు. దుమ్ము వెనక బంతి గీతను పూర్తిగా దాటింది.

"నాదే పొరపాటు. గోలే," అంది తీతమ్మ.

జింకలూ ఒప్పుకున్నాయి. కళ్లముందు కనిపిస్తుంటే ఏమంటాయి?

కాసేపటికి పొడలమ్మ ఒక గోలు కొట్టింది. "మూతి తగిలింది, మూతి తగిలింది!" అని పందులు అరిచాయి. మళ్లీ పెట్టె. మళ్లీ బొమ్మ. తగిలింది గిట్టే.

"గోలే," అంది తీతమ్మ.

ఈసారి పందులు అరవలేదు. కోరలయ్య మెల్లగా నడుచుకుంటూ గీత దగ్గరికి పోయి, గుడ్ల పక్కన నిలబడి తోక ఊపాడు. బంతి ఎక్కడుందో తీతమ్మ ఒక్క క్షణం మరిచిపోయింది.

పందులు ఇంకో గోలు కొట్టాయి. జింకలు ఇంకోటి కొట్టాయి. రెండు, రెండు. ఇక ఎవరు కొడితే వాళ్లది మడుగు. మైదానంలో మాటలు ఆగిపోయాయి. రొప్పులు, గిట్టల చప్పుడు. అడవిలో ఆకు కదల్లేదు. నేను కూర్చున్న కొమ్మ వణికింది. కొమ్మ వణికింది కాబట్టి నేనూ వణికాను, అంతే!

అప్పుడు జరిగింది.

బంతి జింకల గోలు ముందుకు వచ్చింది. పొడలమ్మ దాన్ని ఆపడానికి కాలు చాపింది. కోరలయ్య, బురదమ్మ అనే ఆడపంది, ఇద్దరూ మీదికి వచ్చారు. దుమ్ము లేచింది. ఆ దుమ్ములో కోరలయ్య పొడలమ్మ డొక్కలో ముట్టెతో ఒక్క పోటు పొడిచాడు. పొడలమ్మ మోకాళ్లమీద పడింది. మూతి పోయి బంతికి తగిలింది. అప్పటికే కోరలయ్య రెండడుగులు వెనక్కి వేసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

తీతమ్మ పక్కనుంచి అంతా చూసింది.

"మూతి తగిలింది! పెట్టె చూడాలి!" అని కోరలయ్య కేక వేశాడు.

"నన్ను నెట్టాడక్కా," అంది పొడలమ్మ, రొప్పుతూ లేచి.

"ఓడిపోయేవాళ్లు పాడే పాటే అది. గూబయ్య తాతా! బంతికి మూతి తగిలిన చోటు చూపించు. అక్కడే ఆపు."

తీతమ్మ రెక్కతో పెట్టె గీసింది. చెట్టు దగ్గరికి నడిచింది. వెనక్కి తిరిగి చూసింది. కోరలయ్య అప్పటికే గీత దగ్గరికి చేరాడు. ముందరి కాలు ఒకటి ఎత్తి పెట్టుకున్నాడు.

"కాలు పట్టేసిందక్కా. కాసేపు ఎత్తి ఉంచుతాను. నువ్వు నిదానంగా చూడు," అన్నాడు.

ఎత్తిన కాలి కింద గుడ్లున్నాయి.

గూబయ్య బొమ్మ ఆపాడు. కిటికీలో బొమ్మ కదలకుండా నిలిచింది. పొడలమ్మ మోకాళ్లమీద ఉంది. మూతి బంతికి ఆని ఉంది. కోరలయ్య దూరంగా ఉన్నాడు. ఆ బొమ్మ ఒక్కటే చూస్తే, తప్పు పొడలమ్మదే.

గూబయ్య గొంతు తగ్గించాడు. "ఇంకొంచెం వెనక్కి తిప్పనా అమ్మా? నువ్వు అడగాలి. అడిగితేనే నేను తిప్పుతాను."

తీతమ్మ నోరు తెరిచింది. ఎత్తిన కాలు కొంచెం కిందికి దిగింది.

"వద్దు," అంది తీతమ్మ. "చాలు."

"అడుగుతున్నాను గనక ఏమీ అనుకోకు. నువ్వు చూసిందీ ఇదేనా?"

"నేను చూసింది ఎవరికి కావాలి తాతా? బొమ్మ ఉందిగా!"

పరుగున మైదానంలోకి వచ్చి, ఎవరి ముఖమూ చూడకుండా అరిచింది. "మూతి తగిలింది. పెనాల్టీ. నేను చెప్పేది కాదు, పెట్టె చెప్పింది."

పందులు గంతులు వేశాయి. కోరలయ్య కాలు దింపాడు. గుడ్ల పక్కన, ఖాళీ ఇసుకమీద.

జింకలు తలలు వంచుకున్నాయి. పొడలమ్మ గొడవ చేయలేదు. పొద దగ్గరికి పోయి పిల్లను మూతితో లేపింది. "నడవగలవా తల్లీ? కొండ దాకా నడవాలి," అంది. పిల్ల లేచి ఒకటి, రెండు, మూడు అడుగులు వేసి కూలబడింది. పొడలమ్మ మళ్లీ లేపింది. పిల్ల మళ్లీ కూలబడింది.

పిల్లలూ, నేను ఎలుగుబంటితో కుస్తీ పట్టినవాణ్ని. ఉరుము వస్తే దానికి ఎదురు కేక వేసినవాణ్ని. కొమ్మమీది నుంచి నేనూ ఆ పోటు చూశాను. అరిచి చెప్పి ఉండేవాణ్నే! ఏం చేయను, ఎండకు నాలుక అంగిటికి అతుక్కుపోయింది.

కోరలయ్య పెనాల్టీ కొట్టడానికి బంతి ముందు నిలబడ్డాడు. రిఫరీ అరవనిదే కొట్టడానికి లేదు. అందరూ తీతమ్మ వైపు చూస్తున్నారు.

తీతమ్మ ముక్కు తెరిచింది. అరుపు రాలేదు. మళ్లీ తెరిచింది. రాలేదు. కళ్లముందు పొడలమ్మ పిల్ల మూడోసారి లేచి, మూడోసారి పడింది.

"ఏమక్కా, గొంతు పోయిందా?" అన్నాడు కోరలయ్య.

తీతమ్మ రెక్క ఎత్తి గాలిలో పెట్టె గీయబోయింది.

"మూడుసార్లు అయిపోయాయి!" కోరలయ్య గర్జించాడు. "ఇంక పెట్టె లేదు!"

అది నిజం. మూడూ అయిపోయాయి. దాక్కోవడానికి ఇంక పెట్టె లేదు. మైదానం మధ్యలో తీతమ్మ ఒక్కతే ఉంది, ఆ సన్నటి కాళ్లమీద.

"పెట్టె అక్కర్లేదు," అంది. "నేను కళ్లతో చూశాను. నువ్వు పొడలమ్మను డొక్కలో పొడిచావు. అందుకే ఆమె మూతి తగిలింది. తప్పు నీది. నేను చూసి కూడా వెనక్కి తిప్పమనలేదు. అది నా తప్పు. పెనాల్టీ లేదు. ఫ్రీకిక్ జింకలకు."

జింకలు తలలెత్తాయి.

కోరలయ్య బంతిని వదిలేశాడు. గీత దగ్గరికి నడిచాడు. తొందర లేదు. ఒక్కో అడుగూ లెక్కపెట్టినట్టు వేశాడు. గుడ్ల దగ్గర ఆగాడు. కాలు ఎత్తాడు.

టప్.

"ఇప్పుడు చెప్పు. పెట్టె కంటే నీ కన్ను గొప్పదా?"

తీతమ్మ రెక్కలు విప్పి పరుగెత్తింది. అతని ముఖంమీద ఎగిరి పొడిచింది. పంది చర్మానికి ముళ్లకంప గీసుకున్నట్టు కూడా లేదు. ఒక్క విదిలింపుకు వెళ్లి ఇసుకలో పడింది.

టప్.

"ఇప్పుడు?"

ఇసుకలో పడి, ఈకలు చెదిరిపోయి, తీతమ్మ అరిచింది. ఆ అరుపు మీరు వింటే వారం రోజులు అన్నం తినరు. "నువ్వు పొడిచావు! నేను చూశాను! నాలుగూ తొక్కినా నేను చూసింది అదే!"

కోరలయ్య మూడోసారి కాలు ఎత్తాడు.

ఆ కాలి ముందు ఒక నల్లటి ఒళ్లు వచ్చి అడ్డంగా నిలబడింది. బురదమ్మ. పందుల మందలోని ఆడపంది.

"తప్పుకో," అన్నాడు కోరలయ్య.

"తప్పుకోను బావా. నేనూ చూశాను. నీ పక్కనే ఉన్నానుగా. పొడిచావు."

"మన మంద మడుగు పోతుంది. తెలుసా? మొసళ్ల దగ్గరికి పోవాలి. నీ పిల్లలు కూడా."

"తెలుసు." బురదమ్మ కాళ్లు ఇసుకలో పాతి నిలబడింది. నేను చూశాను. అంగుళం కూడా పక్కకు జరగలేదు. "తెలిసే చెబుతున్నాను. పొడిచావు."

వెనకనుంచి ఇంకో పంది గొంతు వచ్చింది. "నేనూ అనుకున్నాను. దుమ్ములో సరిగా కనిపించలేదు గానీ, చప్పుడు విన్నాను." ఆ తరవాత ఇంకొకటి. ఆ తరవాత మద్దిచెట్టు మీది నుంచి గూబయ్య పిలిచాడు.

"కట్టుబాటు తప్పుతున్నాను. ఎవరూ అడగకపోయినా తిప్పాను. రండి, చూడండి."

రెండు మందలూ చెట్టు కింద గుమిగూడాయి. అరచేయంత కిటికీలో బొమ్మ వెనక్కి పోయి, మొదటినుంచి కదిలింది. దుమ్ము. ముట్టె. పోటు. పొడలమ్మ పడడం. ఆ తరవాతే మూతి, ఆ తరవాతే బంతి. కోరలయ్య మాత్రం చూడటానికి రాలేదు. మైదానం మధ్యలో నిలబడి, కోరలతో ఇసుక తవ్వుతున్నాడు.

ఫ్రీకిక్ పొడలమ్మే కొట్టింది. దూరం ఎక్కువే. డొక్కలో నొప్పితో కాలు సరిగా లేవలేదు. అయినా బంతి ఇసుకమీద దొర్లుకుంటూ, ఒక రాయికి తగిలి, ఇంకో రాయికి తగిలి, పందుల గోల్లోకి పోయింది. నేను తన్నే తన్నులో పావు వంతు కూడా లేదు ఆ తన్ను. కానీ నేను అంత అవసరమైన తన్ను ఎప్పుడూ తన్నలేదు.

పందులు కొండ వైపు కదిలాయి. కోరలయ్య ముందు నడిచాడు, వెనక్కి చూడకుండా. బురదమ్మ ఆఖరున, పిల్లల్ని తోలుకుంటూ పోతోంది. ఆమె పక్కన ఎవరూ నడవలేదు. పొడలమ్మ పరుగున పోయి ఆమెను ఆపింది.

"బురదమ్మ వదినా, పిల్లలతో నువ్వు ఉండిపో. మేం ఏమీ అనం. మడుగులో దొర్లకపోతే చాలు."

బురదమ్మ పకపకా నవ్వింది. "దొర్లకుండా పంది ఎలా ఉంటుందమ్మా! ఒట్టు పెట్టి మరీ తప్పుతాను. మా మంద ఎక్కడుంటే నేనూ అక్కడే. మొసళ్ల సంగతి చూసుకుంటాంలే."

తీతమ్మ కుంటుకుంటూ వచ్చింది. "ఒక్క మాట చెప్పి వెళ్లు. నీ మందకు ఎదురు నిలిచి ఎందుకు చెప్పావు?"

బురదమ్మ కొండ వైపు చూసింది. "ఏమో అక్కా. బంతికి మూతి తగిలినప్పుడే నాకు తెలుసు, మావాడిదే తప్పని. నువ్వు చెప్పేదాకా నోరు రాలేదు. నువ్వు 'పెట్టె చెప్పింది' అన్నప్పుడైతే, హమ్మయ్య అనుకున్నాను. ఇక నేను చెప్పక్కర్లేదు కదా అని."

అంత మాట చెప్పి, పిల్లల్ని ముందుకు తోసుకుంటూ కొండ ఎక్కింది.

తీతమ్మ గుడ్ల దగ్గరికి పోయింది. రెండు మిగిలాయి. వాటిమీద కూర్చుని రెక్కలు దించింది. పొడలమ్మ పిల్ల మడుగు ఒడ్డున తల్లి దగ్గర పాలు తాగుతోంది. పగిలిన పెంకులకు చీమలు పట్టాయి. తీతమ్మ ఆ వైపు చూడలేకపోయింది, చూడకుండానూ ఉండలేకపోయింది.

ఆ రెండు గుడ్లూ పొదిగి పిల్లలు బయటికి వచ్చేదాకా, నేల కాస్త అదిరితే చాలు, తీతమ్మ ఉలిక్కిపడి లేచేది. ఆ భయం ఆమెను వదల్లేదు. కానీ పిల్లలూ, ఆ ఏడాదినుంచి ఆ అడవిలో తీతమ్మ ఒక్కసారి అరిస్తే, పరుగెత్తే దుప్పి ఆగుతుంది, పాకే పాము ఆగుతుంది, కొట్టుకునే ఎలుగులు కూడా ఆగి ఆమె ఏం చూసిందో చెప్పేదాకా నిలబడతాయి. ఇందులో మాత్రం నేను ఒక్క అక్షరం కూడా పెంచి చెప్పలేదు.

నీతి: కళ్లారా చూసిన నిజాన్ని యంత్రం చాటున దాచకూడదు. భయపడుతూనైనా ఒకరు నోరు విప్పితేనే, పక్కవాళ్లకు నోరు వస్తుంది.